స్విస్ పిస్టల్‌కి ఆయుధ పూజ

మొన్న దసరాకి నేనొక మనిషిని చంపడానికి వెళ్ళి, ఆశీర్వదించి వచ్చాను. నవ్వకండి! ముందు ఆ చేగోడీల డబ్బా ఇటు జరపండి, మొదట్నుంచీ చెప్తాను. మధ్యలో టీ చల్లారితే మైక్రోవేవ్‌లో పెట్టుకుందాం, నాకేం తొందర లేదు.

నాకో పిచ్చి ఉందని మీలో కొందరికి తెలుసు. సినిమాలో ఎవరైనా పిస్టల్ బయటికి తీశారంటే చాలు, పాజ్ కొట్టేస్తాను. వెనక్కి తిప్పుతాను, మళ్ళీ చూస్తాను. ఏ దేశంది, ఏ కాలంది, ఆ కథ జరిగే రోజుల్లో అది అసలు ఉందా లేదా... ఇదీ నా గోల. నా పాజ్‌లు భరించలేక మా లావణ్య బెడ్‌రూమ్‌లో ఐప్యాడ్ పెట్టుకుని సినిమాలు చూడటం మొదలుపెట్టింది. "అన్నీ తుపాకులే కదండీ, ఏదైతే ఏంటి?" అంటుంది. అన్నీ తుపాకులేనట! అన్నీ చీరలే కదా అని నేను ఎప్పుడైనా అన్నానా? అనగలనా?

అన్నిట్లోకీ నా ప్రాణమంతా ఒక్కదాని మీద. స్విస్ ఆర్మీ పిస్టల్. పీ-210 అంటారు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక స్విట్జర్లాండ్ సైన్యం తీసుకున్న పిస్టల్ అది. గడియారాలు చేసే దేశం కదా, దాన్నీ అంత ఒద్దికగానే చేసింది. మామూలు పిస్టళ్ళలో పై భాగం కింది భాగం మీద ఎక్కి కూర్చుని వెనక్కీ ముందుకీ కదులుతుంది. దీంట్లో అలా కాదు. పై భాగం కింది భాగం లోపల జారుతుంది, బీరువాలో సొరుగులాగా. వేలిగోరు దూరే సందు కూడా ఉండదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, నా కొంప ముంచింది అదే.

తెర మీద అది కనబడటం చాలా అరుదు. ఖరీదైన పిస్టల్, సినిమావాళ్ళు మామూలువాటితో సరిపెట్టేస్తారు. కానీ ఎప్పుడో ఒకప్పుడు, ఏదో యూరప్ సినిమాలో, మంచు కురుస్తున్న రైల్వే స్టేషన్లో, పొడుగాటి కోటు జేబులోంచి అది మెల్లగా బయటికొస్తుంది చూడండి... సన్నటి గొట్టం, నున్నటి చెక్క పిడి, స్టేషన్ దీపం వెలుతురు దాని మీద జారిపోవడం... అబ్బ! నాకు డైలాగులు వినబడవు. ఆ మంచు నా మీదే పడుతున్నట్టు ఉంటుంది. ఆ ప్లాట్‌ఫామ్ మీద నేనే నిలబడినట్టు, ఆ రైలు నాకోసమే ఆగినట్టు. పొద్దున ఆఫీస్ స్టాండప్ మీటింగ్‌లో మేనేజర్ నా పేరు రెండుసార్లు పిలిస్తే గానీ ఆ స్టేషన్లోంచి మనముండే ఈ ప్లెయిన్స్‌బరోకి రాను. ఆ సినిమాల పేర్లు అడక్కండి, మొదలుపెట్టానంటే మీరు ఇళ్ళకి వెళ్ళరు.

నిజమైంది చేత్తో పట్టుకోవాలని మాత్రం నేనెప్పుడూ అనుకోలేదు. హెచ్‌వన్ వీసా మీద ఉన్నవాడికి ఆ సరదాలు ఎందుకు? చిన్నప్పట్నుంచీ నాకున్న కోరిక ఒక్కటే. తెర మీద, ఒక్కసారి, ఒక్క క్లోజప్‌లో, ఆ పిస్టల్‌తో నేను కనబడాలి. నా ముఖం, దాని ముఖం పక్కపక్కన. మా పెళ్ళి ఫొటోల్లో కూడా నేను సరిగ్గా పడలేదు, అన్నిట్లో కళ్ళు మూసుకునే ఉంటాను. అందుకని ఆ ఒక్క షాట్ మీద నాకు ఎంత ఆశ ఉండేదో మీకు చెప్పలేను.

ఇంతలో సెప్టెంబర్ చివర్లో మన కిరణ్ ఫోన్ చేశాడు. వరంగల్ కుర్రాడు, ఫార్మా కంపెనీలో ఉద్యోగం, వీకెండ్ వస్తే డైరెక్టర్. దీపావళి ప్రోగ్రామ్‌లో వెయ్యడానికి ఏటా ఒక షార్ట్ ఫిల్మ్ తీస్తాడు కదా, అతనే.

"అన్నా, విలన్ చేసేటోనికి ఆఫీసుల ప్రొడక్షన్ రిలీజ్ పడ్డది, వస్తలేడు. నువ్వు చేస్తవా?"

"పిస్టల్ ఉందా?" అన్నాను.

"ఉంటది. ఏదో ఒకటి తెస్తం."

"ఏదో ఒకటి కాదు కిరణ్. స్విస్ పిస్టల్ అయితేనే చేస్తాను."

"అన్నా, నా స్క్రిప్ట్‌ల విలన్ మన పక్కూరు ఎడిసన్ నుంచి వస్తడు. వాని దగ్గర స్విస్ పిస్టల్ ఎందుకుంటది?"

"అదే కదా నేనూ అడుగుతున్నాను. అందుకే కథ మార్చు."

మార్చాడండీ పాపం! విలన్ జ్యూరిక్ నుంచి వస్తాడు. పాత స్నేహితుణ్ణి వెతుక్కుంటూ వచ్చి, సాయంత్రం పూట కాలువ గట్టు మీద పట్టుకుంటాడు. కోటులోంచి పిస్టల్ తీస్తాడు. పై భాగం వెనక్కి లాగి వదుల్తాడు, ఛక్! కళ్ళలోకి చూస్తాడు. చంపలేక పిస్టల్ ఆకుల్లో పారేసి వెళ్ళిపోతాడు. ఇంతే నా పార్టు. డైలాగ్ లేదు, ఆ ఛక్ ఒక్కటే నా డైలాగ్. స్నేహితుడి వేషం సందీప్‌ది, మా కింద ఫ్లాట్‌లో ఉంటాడు.

పిస్టల్ కోసం నేనే న్యూయార్క్ దాకా డ్రైవ్ చేశాను. సినిమా సామాన్లు అద్దెకిచ్చే షాపు. ముసలాయన లోపల్నుంచి ఒక గుడ్డ సంచీ తెచ్చి బల్ల మీద విప్పాడు. నకలే లెండి! పేలదు, గుండు పట్టదు, మూతికి నారింజ రంగు బిరడా కూడా ఉంది. కానీ బరువు అచ్చంగా అదే బరువు, పై భాగం జారడం అచ్చంగా అదే జారడం. చేతిలోకి తీసుకున్నాను. ట్రాఫిక్ చప్పుడు ఆగిపోయింది. ఆ షాపు దుమ్ము, పాత కోట్ల వాసన, కిటికీలోంచి పడుతున్న కాస్త ఎండ... నేనక్కడ ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. ముసలాయన దగ్గాడు.

"ఒకటి గుర్తుంచుకో. దీని లోపల ఏమీ వెయ్యకు. ఆయిల్ కూడా వద్దు. చాలా టైట్‌గా ఉంటుంది," అన్నాడు ఇంగ్లీషులో.

నాకే చెప్తున్నాడు చూడండి! నాకు తెలీదా? పెద్ద తెలిసినవాడిలా తలూపి వచ్చేశాను.

పిస్టల్ చూసి లావణ్య రెండడుగులు వెనక్కి వేసింది. "వీసా ఇంటర్వ్యూ పెట్టుకుని ఇంట్లోకి ఇదేంటండీ?" అంది. బొమ్మేనని చెప్పాను, ఆరెంజ్ బిరడా చూపించాను, టౌన్‌షిప్ పోలీసులకి కిరణ్ ముందే చెప్పి పర్మిషన్ తీసుకున్నాడని చెప్పాను. "అయినా సరే, కిటికీ దగ్గర పెట్టకండి," అంది. గుడ్డ సంచీలో పెట్టి పప్పుల అరలో దాచింది. కందిపప్పుకీ మినప్పప్పుకీ మధ్య స్విస్ సైన్యం!

షూటింగ్ ఆదివారం. ముందురోజు శనివారం ఆయుధ పూజ చేసుకున్నాం. మా ఇంట్లో లావణ్య ఈ పూజ చాలా పద్ధతిగా చేస్తుంది. ఈసారి కూడా కారు తాళాలు, రెండు లాప్‌టాప్‌లు, మిక్సీ, ప్రెషర్ కుక్కర్, కూరలు తరిగే చాకు, నా స్క్రూడ్రైవర్ సెట్టు... అన్నీ పీట మీద వరసగా పెట్టి బొట్లు పెడుతోంది. నేను నెమ్మదిగా వెళ్ళి సంచీ తెచ్చాను.

"అది వద్దండీ."

"ఏం? ఆయుధ పూజ రోజున ఇంట్లో ఆయుధంలా కనబడే వస్తువు ఇదొక్కటే. ప్రెషర్ కుక్కర్‌కి బొట్టు పెడతావు, దీనికి పెట్టవా?"

"సరే, ఒక్క బొట్టు. పైపైన," అని చెప్పి, పులిహోర తాలింపు మాడుతోందని వంటింట్లోకి వెళ్ళింది.

అక్కడే వచ్చింది చిక్కు. నన్ను ఒంటరిగా వదిలేసింది. అగరొత్తి పొగ మెల్లగా పైకి లేస్తోంది. కిటికీ బయట మేపుల్ చెట్టు ఎర్రగా ఉంది, ఆ ఎరుపంతా పీట మీద పడుతోంది. దీపం ముందు నా పిస్టల్. ఆ పొగలో అది మళ్ళీ ఆ మంచు స్టేషన్లో ఉన్నట్టు కనబడింది. రేపు సాయంత్రం నా చేతిలో ఇది, కెమెరా దగ్గరికి వస్తుంది, తెర నిండా మేమిద్దరం... ఒళ్ళు తేలిపోయిందండీ నాకు. ఒక్క బొట్టుతో ఏం సరిపెడతాం అనిపించింది. గంధం తీసి గొట్టం పొడుగునా రాశాను. కుంకుమ కాస్త ఎక్కువే వేశాను. అంతటితో ఆగానా? లేదు! బయట ఒక్కటీ చేస్తే ఏం లాభం, లోపల కూడా పడాలి కదా ఆశీర్వాదం అనుకున్నాను. పై భాగం వెనక్కి లాగి పట్టుకుని, తెరుచుకున్న ఆ కంతలో గుప్పెడు అక్షింతలు వేశాను. పసుపూ నెయ్యీ కలిపిన తడి అక్షింతలు! వాటి మీద చిటికెడు కుంకుమ. ఒక చామంతి రేకు కూడా. వదిలాను. ఛక్‌మని మూసుకుంది. ఆ శబ్దానికి నా కళ్ళలో నీళ్ళొచ్చాయి.

పూజయ్యాక పైన ఉన్నదంతా మెత్తటి గుడ్డతో శుభ్రంగా తుడిచాను. లోపలున్నది? గుర్తుంటే కదా! పులిహోర తిని పడుకున్నాను.

ఆదివారం సాయంత్రం కాలువ గట్టు మీదకి చేరాం. దారికి రెండు వైపులా సినిమా షూటింగ్ అని బోర్డులు. అసలు ఆ రోజు ఎలా ఉందంటే... గట్టంతా పసుపు ఆకులు, నీళ్ళ మీద పల్చగా పొగమంచు, చెట్ల మధ్యలోంచి బెల్లం పాకం రంగు ఎండ. నేను లావణ్య ఇచ్చిన తెల్ల చొక్కా, దాని మీద పొడుగాటి నల్ల కోటు వేసుకున్నాను. ఆకుల మీద నడుస్తుంటే నా అడుగుల చప్పుడు నాకే సినిమాలా వినబడింది. జ్యూరిక్ నుంచి వచ్చినవాణ్ణి, మరి!

"అన్నా, ఒకటే టేక్," అన్నాడు కిరణ్. "సూర్యుడు రీటేక్ ఇయ్యడు. పార్కు కూడా చీకటి పడంగనే బంద్. మంచిగ చెయ్యి."

"రిహార్సల్ చేద్దామా?" అన్నాడు సందీప్.

"అక్కర్లేదు," అన్నాను నేను. ఆ మాట ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు. ఛక్‌మనే శబ్దం ముందే వాడేస్తే అరిగిపోతుందన్నట్టు అనిపించింది.

యాక్షన్ అన్నాడు. నడిచాను. సందీప్ ఎదురుగా, చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా ఆగాను. కోటులోంచి పిస్టల్ తీశాను. ఒట్టు, అంత అందంగా నేను ఏ పనీ చెయ్యలేదు నా జన్మలో! కెమెరా మెల్లగా దగ్గరికొచ్చింది. ఎండ సరిగ్గా చెక్క పిడి మీద పడింది. సందీప్ కళ్ళు పెద్దవి చేసి భయపడ్డాడు. నేను ఎడం చేత్తో పై భాగం పట్టుకుని వెనక్కి లాగాను.

రాలేదు.

మళ్ళీ లాగాను. కదిలితే ఒట్టు! రాత్రంతా నెయ్యీ పసుపూ గట్టిపడి, బియ్యపు గింజలు ఆ సందులేని సందులో ఇరుక్కుని, మొత్తం అతుక్కుపోయింది. ముఖం మాత్రం జ్యూరిక్‌లాగే పెట్టుకుని, లోపల చెమటలు కక్కుతున్నాను. లాగుతున్నాను, ఊపిరి బిగబట్టి మరీ లాగుతున్నాను.

"అన్నా," అన్నాడు సందీప్ పెదాలు కదపకుండా. "నేను భయపడటం అయిపోయింది. ఇప్పుడేం చెయ్యాలి?"

"ఇంకాస్త భయపడు," అన్నాను నేను కూడా పెదాలు కదపకుండా.

కిరణ్ కట్ చెప్పట్లేదు. ఎండ తగ్గిపోతోంది. నా క్లోజప్! ఎన్నేళ్ళ క్లోజప్! ఇంక లాభం లేదని పిడిని కడుపుకి ఆనించుకుని, పళ్ళు బిగించి, ఉన్న బలమంతా పెట్టి ఒక్క గుంజు గుంజాను. వచ్చింది! వచ్చి, వేళ్ళలోంచి జారి, స్ప్రింగు బలానికి ఛక్‌మని ముందుకు కొట్టుకుంది. దాంతోపాటే కంతలోంచి భుస్సున లేచింది కుంకుమ. అక్షింతలు పైకి ఎగిరాయి. చామంతి రేకు కూడా ఎగిరింది. ఆ ఎండలో మెరుస్తూ, ఏ తొందరా లేనట్టు, అన్నీ వచ్చి సందీప్ నెత్తి మీద పడ్డాయి.

సందీప్ ఏం చేశాడో తెలుసా? తల వంచాడు. రెండు చేతులూ జోడించి, కళ్ళు మూసుకుని, భక్తిగా నిలబడ్డాడు! నెత్తి మీద అక్షింతలు పడితే మనవాళ్ళెవరైనా ఇంకేం చేస్తారు? తెనాలిలో పుట్టిన ఒళ్ళది. ఎదురుగా పిస్టల్ ఉందన్న సంగతే మర్చిపోయాడు.

నా సంగతి అడక్కండి. నుదుటి నిండా కుంకుమ, తెల్ల చొక్కా నిండా కుంకుమ, నోరు తెరుచుకుని అలా ఉండిపోయాను. పార్కులో కుక్కతో నడుస్తున్న ఒకావిడ ఆగి, చప్పట్లు కొట్టి వెళ్ళింది.

"ఏందన్నా ఇది?" అన్నాడు కిరణ్ చివరికి. కోపం కూడా రాలేదు అతనికి, నిజంగా తెలుసుకోవాలని అడిగాడు.

చెప్పాను. పూజ, గంధం, కంతలో అక్షింతలు, అన్నీ. కిరణ్ కెమెరా కింద పెట్టి ఆకుల్లో కూర్చుండిపోయాడు. సందీప్ ఇంకో టేక్ అన్నాడు కానీ, అప్పటికే ఎండ పోయింది, పార్కు మూసేవాళ్ళ బండి వచ్చి లైట్లు కొట్టింది. నేను కాలువ దగ్గర ఒక్కణ్ణీ నిలబడి టూత్‌పిక్‌తో బియ్యపు గింజలు తీస్తూ ఉన్నాను. ఏడుపొచ్చిందండీ, దాచడం ఎందుకు. ఇన్నాళ్ళు కలలు కన్న షాట్ నా చేతుల్తో నేనే పాడుచేసుకున్నాను కదా అని.

పిస్టల్ తిరిగి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు ముసలాయన దాన్ని ఒకసారి లాగి చూశాడు. లోపల్నుంచి ఇంకో పసుపు గింజ టక్కున బల్ల మీద పడింది. దాన్ని పట్టుకుని వెలుతురులో చూసి, "పెళ్ళి సీనా?" అని అడిగాడు. అవునన్నాను. ఆయనకి ఏమని ఎక్స్‌ప్లెయిన్ చెయ్యను?

వారం తర్వాత కిరణ్ నుంచి ఫోను. "అన్నా, ఎడిటింగ్‌ల కూసుంటే నవ్వాగుతలేదు. దాన్ని కామెడీ చేసిన. నీ షాట్ ఉంచుతున్న."

ఉంచుతున్నాడు! నేను ఎగిరి గంతేశాను. కామెడీ అయితే ఏంటి, కుంకుమ అయితే ఏంటి? తెర మీద నేనూ, నా పిస్టలూ. ఆఫీస్‌లో ముగ్గురికి చెప్పాను. లావణ్యకి కొత్త చీర కొన్నాను, ఫస్ట్ షో కదా అని. "మీరు హీరో అయినట్టు చేస్తున్నారే," అని నవ్వింది గానీ, ఆవిడ కూడా ఊళ్ళో ఫ్రెండ్స్ అందరికీ మెసేజ్‌లు పెట్టేసింది.

దీపావళి ప్రోగ్రామ్ హైస్కూల్ ఆడిటోరియంలో. పిల్లల డాన్సులన్నీ అయ్యాక లైట్లు ఆర్పారు. సినిమా మొదలైంది. కాలువ గట్టు వచ్చింది, ఆకులు వచ్చాయి, నల్ల కోటు నడుస్తూ వచ్చింది, వెనక నుంచి. నేనే! ఇప్పుడు ముఖం వస్తుంది అనుకున్నాను. రాలేదు. పిస్టల్ వచ్చింది.

తెర నిండా అదే. ఆరెంజ్ బిరడాని ఎడిటింగ్‌లో చెరిపేశాడు కిరణ్, నల్లగా నిగనిగలాడుతోంది. బంగారు రంగు ఎండ దాని మీద అలా మెల్లగా జారింది. చెక్క పిడి మీద గీతలు కూడా కనబడుతున్నాయి. వెనక పొగమంచు. నా మంచు స్టేషన్ కంటే బాగుందండీ, ఒట్టేసి చెప్తున్నాను. ఆ తర్వాత ఛక్, కుంకుమ, గాల్లో అక్షింతలు స్లో మోషన్‌లో, సందీప్ చేతులు జోడించడం... హాలు హాలంతా విరగబడి నవ్వింది. ఈలలు కూడా వేశారు. మళ్ళీ పిస్టల్. మళ్ళీ సందీప్. అయిపోయింది.

నా ముఖం ఎక్కడా లేదు. చొక్కా లేదు, నుదురు లేదు. మణికట్టు దాకా ఉన్నాను, అంతే.

కిరణ్‌ని పక్కకి లాగి అడిగాను. "అన్నా, తప్పుగ అనుకోకు. నీ ముఖం పెడితే అందరికీ జాలేస్తది, నవ్వు రాదు. అంత బాధల ఉన్నవ్ నువ్వు అందుల," అన్నాడు. నిజమే కదా.

లావణ్య నా చెయ్యి పట్టుకుని కాసేపు చూసి, "గోళ్ళు కత్తిరించుకుని షూటింగ్‌కి వెళ్ళాల్సింది," అంది. ఓదార్చడమే అది, ఆవిడ పద్ధతిలో.

ఇంతలో మన విజయ ఆంటీ వచ్చారు. ప్లేట్లో మైసూర్‌పాక్, కళ్ళలో ఇంకా నవ్విన నీళ్ళు. నా భుజం తట్టి, "ఎంత నవ్వించిందయ్యా ఆ పిస్టల్! ఏం యాక్టింగ్, ఏం టైమింగ్! దానికి ప్రైజు ఇవ్వాలి," అన్నారు. నేను సిగ్గుపడుతూ థాంక్స్ ఆంటీ అన్నాను. ఆవిడ నా ముఖంలోకి ఒక్కసారి అయోమయంగా చూశారు.

"అవునూ, నువ్వు కూడా యాక్ట్ చేశావని లావణ్య మెసేజ్ పెట్టింది. నువ్వెక్కడా కనబడలేదేం బాబూ?"

"పిస్టల్ వెనకాలే ఉన్నానాంటీ," అన్నాను.